ఆకు మీద ‘గాల్’కి మన మాట ఏది?

ప్రశ్న: కేంబ్రిడ్జ్‌లో ఉంటున్నాం. కామ్ నది గట్టున విల్లో ఆకుల మీద ఎర్రటి చిక్కుడు గింజల్లాంటివి లేచాయి. ఇక్కడివాళ్ళు గాల్ అంటారు. తెలుగులో ఏమంటారని మా అమ్మాయి అడిగితే ‘కణితి’ అన్నాను గానీ మనసు ఒప్పలేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: కణితి వద్దండీ, ఆస్పత్రి గుర్తొస్తుంది. ఇది పురుగు తన పిల్ల కోసం చెట్టు చేత కట్టించుకున్న గూడు. మీరు చెప్పింది సాఫ్లై పనిలా ఉంది. పేరుకి ఈగే గానీ కందిరీగలకు చుట్టం. తల్లి గుడ్డు పెడుతూ ఆకులోకి ఒక ద్రవం వదులుతుంది, గుడ్డు పొదగకముందే ఆకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఆకుకి రెండు వైపులా ఉందేమో చూడండి.

ఇక మాట సంగతి. మనవాళ్ళు వీటిని ఎప్పటినుంచో వాడుతున్నారు, కాకపోతే కాయ అనుకున్నారు. మాచికాయ కాయే కాదు. పశ్చిమాసియా ఓక్ చెట్టు కొమ్మల మీద ఓ చిన్న కందిరీగ వల్ల పుట్టే గాల్ అది. మా అమ్మమ్మ దాన్ని సాన మీద అరగదీస్తుంటే ఆ వగరు వాసన ఇల్లంతా ఉండేది. దాని కషాయంలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపితే నల్లటి సిరా అవుతుంది. వరి రైతు మాత్రం చూసింది చూసినట్టే పేరు పెట్టాడు. దోమంత ఈగ పిల్ల చేరిన పిలక ఉల్లికాడలా గొట్టమైపోయి ఇక వెన్ను వెయ్యదు, అందుకే అది ‘ఉల్లికోడు’. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఆకు మీద లేచినదానికి ‘బుడిపె’ అనే మాట ఉండనే ఉంది. దాని ముందు ఆకారం చేర్చండి, మీది గింజబుడిపె.

ప్రశ్న: రెండు వైపులా ఉందండీ. ఒకటి గోటితో చీల్చాను. లోపల తెల్లటి పురుగు, గోధుమరంగు తల, చిన్న చిన్న కాళ్ళు, పక్కనే ఇసుకలా దాని రెట్ట. పాపం అనిపించింది. కానీ పక్క ఆకు నిండా ఆవగింజంత పూసలున్నాయి, చీలిస్తే ఏమీ కనబడలేదు. వాటిని ‘పురుగుబుడిపె’ అనొచ్చా?

జవాబు: కాళ్ళున్నాయంటే సాఫ్లై పిల్లే. ఉల్లికోడు తెచ్చేలాంటి గాల్ ఈగల పిల్లలకు కాళ్ళుండవు. పూసల్లో ఉండేది నల్లి జాతి, మంచం నల్లి కాదు, సాలీడుకి చుట్టమైన ‘మైట్’. భూతద్దం లేనిదే కనబడదు. నాలుగే కాళ్ళు, అసలు కీటకమే కాదు. మన కానుగ ఆకుల మీద వేళ్ళలా లేచేవీ అలాంటి నల్లి పనే. అందుకే ‘పురుగు’ కలపొద్దండీ. పూసబుడిపె అనండి.