చర్చి ఆస్తుల విక్రయానికి కోర్టు ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలా?

మహారాణిపేట సభ్యుడు:
విశాఖ నడిబొడ్డున మిషనరీల కాలం నుంచి ఉన్న చర్చి స్థలాలను అమ్మాలన్నా, బిల్డర్లకు డెవలప్‌మెంటుకు ఇవ్వాలన్నా దేవాలయ భూములకు ఉన్నటువంటి ఆంక్షలు ఉండాలని మా సంఘంలో కొందరు కోరుతున్నారు. పెద్దలు తమ అభిప్రాయం తెలియజేయగలరు.

సీతమ్మధార విశ్వాసి:
ఇది సరికాదు. ఆస్తి నిర్వహణ హక్కును రాజ్యాంగం 26వ అధికరణం ప్రతి మతశాఖకూ ఇచ్చింది. మతసంస్థలకు వీలునామా రాసే క్రైస్తవులపై ఆంక్షలు పెట్టిన భారత వారసత్వ చట్టంలోని 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లో కొట్టివేసింది కూడా. సర్కారు చేయి ఒకసారి లోపలికి వస్తే బయటకు పోదు.

డాబాగార్డెన్స్ న్యాయవాది:
ఆ తీర్పు ఇచ్చేవారి స్వేచ్ఛను కాపాడింది. ఇక్కడి ప్రశ్న, ఇచ్చినదాన్ని అమ్మేవారి గురించి. పైగా అదే 26వ అధికరణం ఆస్తి నిర్వహణ చట్టానికి లోబడే సాగాలని చెబుతోంది. దేవాదాయ, వక్ఫ్ ఆస్తులను చట్టపరమైన అధికారం లేనివారు అమ్మితే రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద సబ్-రిజిస్ట్రార్ దస్తావేజును తిరస్కరిస్తారు. ఆ నిబంధనలో చర్చి ప్రస్తావన లేదు. కాథలిక్ సంఘంలో నిర్ణీత మొత్తం దాటిన విక్రయానికి రోమ్ అనుమతి కావాలి గానీ, అది సంఘ అంతర్గత నియమం. దక్షిణ భారత సంఘం (ప్రొటెస్టెంట్ చర్చి శాఖ అయిన సీఎస్‌ఐ) ఆస్తులు 1947లో ఏర్పడిన ట్రస్ట్ అసోసియేషన్ పేరిట ఉన్నాయి. అది కంపెనీ చట్టం కింద నమోదైన సంస్థ. కంపెనీలకు ప్రత్యేక తీర్మానం (నాలుగింట మూడొంతుల ఓట్లతో నెగ్గాల్సినది) వంటి నిబంధనలున్నా, ఓటు కంపెనీ సభ్యులదే. తరతరాలుగా కానుకలు వేసిన విశ్వాసులకు ఆ సభ్యత్వం లేదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ధార్మిక ట్రస్టు నిర్వాహకులు నమ్మకద్రోహం చేశారనుకుంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ఆ ట్రస్టులో ఆసక్తి ఉన్న ఇద్దరు వ్యక్తులు కోర్టు అనుమతితో దావా వేయవచ్చు. కానీ దస్తావేజు పూర్తై, గోడలు లేచాక సామాన్య విశ్వాసి ఎన్నేళ్లు కోర్టు చుట్టూ తిరగగలడు? ధార్మిక ట్రస్టు ఆస్తి విక్రయానికి అనుమతించే అధికారం అదే సెక్షన్ కింద కోర్టుకు ఉంది. సంఘానికి బహిరంగ నోటీసు ఇచ్చి ఆ అనుమతిని ముందుగానే తీసుకోవాలన్న నిబంధన పెడితే చాలు. కమిషనరూ వద్దు, దేవాదాయ శాఖ వంటి మరో శాఖా వద్దు.

సీతమ్మధార విశ్వాసి:
ప్రభుత్వ అధికారి కాక జిల్లా న్యాయమూర్తి అయితే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. అయితే దరఖాస్తు తేలడానికి గడువు చట్టంలోనే ఉండాలి. లేకుంటే ఆసుపత్రి మరమ్మతుకు చిన్న స్థలం అమ్మదలచిన సంఘం కూడా ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది.