విచర్ 3 గేమ్: బారన్ ఉరేసుకుంటాడని ముందే ఎలా తెలియాలి?

కంచుకోట:
వెలెన్ అనే ప్రాంతంలో గుట్ట కింద చెట్టులో చిక్కుకున్న ఆత్మను వదిలేశాను. క్రోన్ల (బురదనేల మంత్రగత్తెల) చేతిలో ఉన్న అనాథ పిల్లల్ని కాపాడతానని మాటిచ్చింది, కాపాడింది కూడా. తర్వాత ఆ ప్రాంతపు దొర బారన్ భార్య యాన చనిపోయింది, బారన్ ఉరేసుకున్నాడు. పిల్లలు బతికితే వీళ్లెందుకు పోవాలి? ముందు ఎక్కడైనా హింట్ ఉందా? హీరో గెరాల్ట్ పెంచిన అమ్మాయి సిరి కథ ముగింపు దేన్ని బట్టి మారుతుందో కూడా చెప్పండి.

గడ్డం_మావ:
కారణం ఆటలోనే ఉందండీ. పిల్లలు చేజారిపోయారన్న కోపంతో క్రోన్లు యానను వాటర్ హ్యాగ్‌గా (నీటి రాక్షసిగా) మార్చేస్తారు. అక్కడున్న బొమ్మల్లో సరైనదాన్ని ఎంచుకుంటే శాపం పోతుంది గానీ ఆమె బతకదు. డైలాగులు స్కిప్ కొడితే ఇవేవీ అర్థం కావు.

రాత్రి_ఆట:
మామా, ఆయన అడిగింది ముందు హింట్ ఉందా అని. అంతా అయ్యాక కారణం చెప్తే ఏం లాభం? నాకు మంత్రగత్తె కీరా మెట్జ్ విషయంలో ఇప్పటికీ మంటే. పోనీలే అని వెళ్లనిచ్చాను, మంత్రగత్తెల్ని వేటాడించే రాజు రాడొవిడ్ దగ్గరికి పోయింది. నోవిగ్రాడ్ నగరంలో కొయ్యకు గుచ్చి కనిపించింది. విచర్ల కోట కేర్ మోర్హెన్‌కు రమ్మని ఒప్పిస్తే బతికేదట!

స్వాతిచినుకు:
బారన్ కథకు బెస్ట్ దారి ఉంది. క్రోన్లను కలవకముందే గుట్టకు వెళ్లి ఆత్మను వదిలేయండి. అందరూ బతుకుతారు.

గడ్డం_మావ:
తప్పమ్మా. ఈ పుకారు 2015 నుంచీ తిరుగుతూనే ఉంది. అలా చేస్తే బారన్ బతుకుతాడు, మతి చలించిన యానను తీసుకుని బ్లూ మౌంటెన్స్‌కు వెళ్తాడు. పిల్లలు మాత్రం దక్కరు. డౌన్‌వారెన్ ఊరూ మిగలదు.

స్వాతిచినుకు:
నేను ఆడి చూసే చెప్తున్నానండీ, బారన్ బతికాడు.

గడ్డం_మావ:
బారన్ బతకడని నేనన్నానా? పిల్లల గురించి చెప్పమ్మా. ఆ తర్వాత బురదనేలలో వాళ్లెవరైనా కనిపించారా?

స్వాతిచినుకు:
నేనటు మళ్లీ వెళ్లలేదు. అయినా ఇంత గదమాయించి మాట్లాడక్కర్లేదు. ముందు చేస్తే ఒకటి, తర్వాత చేస్తే ఇంకోటి అని మ్యాప్‌లో ఎక్కడా రాసిలేదుగా?

రాత్రి_ఆట:
కరెక్ట్ అక్కా. ఓపెన్ వరల్డ్ అంటే ఎటైనా తిరగమనేగా. తిరిగినందుకు శిక్ష ఏంటి?

కోడ్_కాపరి:
నేను ఆటలోని క్వెస్ట్ (కథలో ఇచ్చే పని) ఫైళ్లు తెరిచి చదివేవాణ్ణి కాబట్టి నాకు వదిలేయండి. సిరి ముగింపు కోసం ఆట కొన్ని క్షణాలను గుర్తుపెట్టుకుంటుంది. సిరి నిరాశగా ఉన్నప్పుడు "అన్నిట్లో నువ్వే గొప్పగా ఉండక్కర్లేదు" అని తాగడానికి కూర్చుంటే మైనస్, మంచు ఉండలతో ఆడితే ప్లస్. లాడ్జి అనే మంత్రగత్తెల సంఘం దగ్గరికి సిరిని ఒంటరిగా పంపాలి. ఆమె గురువు అవలాక్ ల్యాబ్‌ను ఆమెను పగలగొట్టనివ్వాలి. ఆమెకు సాయం చేసిన స్క్యాల్ సమాధికి వెంట వెళ్లాలి. ఆమె కన్నతండ్రి, చక్రవర్తి ఎమిర్ దగ్గరికి తీసుకెళ్తే డబ్బు తీసుకోకూడదు. అసలు తీసుకెళ్లకపోతే మహారాణి ముగింపే రాదు. ప్లస్సులు ఎక్కువైతే సిరి బతుకుతుంది.

కంచుకోట:
థాంక్స్ అన్నా. కానీ మంచు ఉండలకీ ప్రాణానికీ లింకు ఆడేవాడికి ఎలా తడుతుంది?

కోడ్_కాపరి:
పెంచిన తండ్రి గెరాల్ట్ నమ్మకం పెడితే బిడ్డ తనంతట తాను నిలబడుతుంది. రచయితలు చెప్పదలచుకున్నది అదే. ముందే బోర్డు కట్టి చూపిస్తే ఏం మిగులుతుంది?

పాత_జాయ్‌స్టిక్:
డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ గేమ్‌లో దీనికి రివర్స్. రెడ్‌క్లిఫ్ ఊళ్లో దెయ్యం పట్టిన పిల్లాడు కానర్ కోసం మాంత్రికుల సాయం తేవడానికి వెళ్తుంటే, వచ్చేలోపు దెయ్యం ఊరిని మింగేస్తుందేమోనని టెన్షన్. వెళ్లొస్తే ఏమీ కాదు. కానీ అంతకుముందు, రాత్రి యుద్ధానికి ఆగకుండా వదిలేసి వెళ్తే ఊరు నిజంగానే పోతుంది.

గడ్డం_మావ:
బాల్డర్స్ గేట్ 3 గేమ్ ఇంకా ఘోరం. లాస్ట్ లైట్ సత్రాన్ని మంత్రంతో కాపాడే ఐసొబెల్‌ను శత్రువులు ఎత్తుకుపోతే సత్రం సత్రమంతా పోతుంది. ఆమె పైగదిలో మామూలుగా మాట్లాడుతూ ఉంటుంది, ఈ లోపే దాడి.

రాత్రి_ఆట:
అది ఘోరం కాదు మామా, అక్కడ ఫైట్ మన చేతిలో ఉంది. ఓడిపోతే ఓడిపోయామని తెలుస్తుంది. బారన్ విషయంలో ఏ ఫైటూ లేదు.

స్వాతిచినుకు:
పాత సేవ్ దొరికింది. పిల్లలు లేరు. అయినా ఆ తీరున మాట్లాడినందుకు మావగారు ముందు సారీ చెప్పాలి.