ఆఫీసు నెట్‌వర్క్‌లో అనవసరంగా పేర్లు వెతికే ట్రాఫిక్ ఎలా తగ్గించారు? మీ అనుభవాలు చెప్పండి

కృష్ణాతీరం:
విజయవాడలో చిన్న ఆడిటర్ ఆఫీసు మాది. 60 కంప్యూటర్లు, అన్నీ ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లో ఒకే భాగంలో). ఫోల్డర్ తెరిస్తే పైన పచ్చ గీత పాకుతూనే ఉంటుంది. రిటర్నుల సీజన్‌లో అందరికీ టెన్షన్. నిన్న వైర్‌షార్క్ (నెట్‌వర్క్‌లో పోయే ట్రాఫిక్‌ని పట్టి చూపే టూల్) పెట్టి పది నిమిషాలు చూశాను. 137 పోర్టు మీద నెట్‌బయోస్, 5355 మీద ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ (రెండూ పేరుని బట్టి కంప్యూటర్ అడ్రస్ వెతికే పద్ధతులు), తెర నిండా అవే. సగానికి పైగా ఒకే పేరు కోసం: ఆడిట్‌సర్వ్. ఆ సర్వర్ తీసేసి రెండేళ్ళయింది! ఎక్కడ మొదలుపెట్టమంటారు?

స్విచ్‌గది:
ముందు ఏదీ ఆఫ్ చేయకండి. ఏ సిస్టమ్ ఏ పేరు అడుగుతోందో తేల్చుకోండి. విండోస్ మొదట డీఎన్‌ఎస్‌ని, అంటే పేర్లకు అడ్రస్‌లు చెప్పే సర్వర్‌ని అడుగుతుంది. అక్కడ దొరక్కపోతే ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్‌తో 224.0.0.252 అనే గ్రూప్ అడ్రస్‌కి, నెట్‌బయోస్‌తో సబ్‌నెట్ మొత్తానికీ కేకేస్తుంది. నెట్‌బయోస్ కేక ముప్పావు సెకనుకొకటి చొప్పున మూడుసార్లు. రెండు సెకన్లు అక్కడే పోతాయి. మీ పచ్చ గీతకు అదే కారణం కావచ్చు. తీసేసిన సర్వర్ పేరు మ్యాప్ చేసిన డ్రైవుల్లో, షార్ట్‌కట్లలో, ప్రింటర్ పోర్టుల్లో మిగిలిపోతుంది. ఒక సిస్టమ్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి 'నెట్ యూజ్' కొట్టి చూడండి, మ్యాప్ చేసిన డ్రైవులు కనిపిస్తాయి.

కృష్ణాతీరం:
చూశానండీ. ఆడిట్‌సర్వ్‌కి మ్యాప్ చేసిన జెడ్ డ్రైవ్ ఉంది. తీసేసి లాగాఫ్ చేసి వస్తే మళ్ళీ ప్రత్యక్షం. లాగిన్ స్క్రిప్టులో ఆ లైన్ అలాగే ఉండిపోయింది! ఇప్పుడు తీసేశాను. కొత్త సర్వర్‌కి కూడా పొట్టి పేరే వాడుతున్నాం, అది పర్లేదా?

మల్కాజిగిరి అడ్మిన్:
డొమైన్‌తో కలిపి పూర్తి పేరు వాడండి. మా దగ్గర సఫిక్స్ లిస్టులో (పొట్టి పేరు చివర తగిలించే డొమైన్ల జాబితా) మూడు డొమైన్లు ఉండేవి. పొట్టి పేరు ఇస్తే, దొరికేదాకా దానికి ఒక్కో డొమైనూ తగిలించి అడుగుతుంది. ఐపీవీ4కి ఒకటి, ఐపీవీ6కి ఒకటి లెక్కేస్తే ఒక్క పేరుకి ఆరు ప్రశ్నలు. వాడని రెండూ తీసేశాం. 'డబ్ల్యూపీఏడీ' అనే పేరు (ప్రాక్సీ సెట్టింగ్స్‌ని దానంతటదే వెతికేటప్పుడు అడిగేది) కూడా కనిపిస్తే, మీకు ప్రాక్సీ లేనప్పుడు సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ డిటెక్ట్ ఆపేయండి.

కాప్చర్:
ట్రాఫిక్ ఒక్కటే కాదు, సెక్యూరిటీ కూడా చూడండి. ఆ కేకలకు ఎవరైనా 'నేనే' అని బదులివ్వచ్చు. రెస్పాండర్ అనే టూల్ చేసేది అదే. నమ్మిన కంప్యూటర్ పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి తయారైన కోడ్) పంపేస్తుంది. అందుకే గ్రూప్ పాలసీలో (అన్ని సిస్టమ్స్‌కీ ఒకేచోట సెట్టింగ్స్ పెట్టేది) డీఎన్‌ఎస్ క్లయింట్ కింద 'టర్న్ ఆఫ్ మల్టీకాస్ట్ నేమ్ రిజల్యూషన్' ఎనేబుల్ చేయండి, ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ ఆగిపోతుంది. మీ డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకు ఐపీ అడ్రస్‌లు పంచేది) విండోస్ సర్వర్ మీదే ఉంటే, మైక్రోసాఫ్ట్ వెండర్ ఆప్షన్ 001కి విలువ 2 ఇస్తే నెట్‌బయోస్ ఆగిపోతుంది.

స్విచ్‌గది:
అన్నీ ఒకేరోజు మాత్రం వద్దు. నేను శుక్రవారం సాయంత్రం నెట్‌బయోస్ ఆపేసి ఇంటికెళ్ళాను. సోమవారం పొద్దున్నే అకౌంట్స్ మేడమ్ గారు చేతిలో వోచర్ల కట్టతో స్కానర్ దగ్గర నిలబడి ఉన్నారు. స్కాన్ ఫోల్డర్‌లోకి పోవట్లేదు. ఆ పాత మెషీన్‌కి నెట్‌బయోస్ పేరు తప్ప ఇంకేదీ తెలియదు. ఐపీ అడ్రస్ ఇచ్చి, ఆ కంప్యూటర్‌కి డీహెచ్‌సీపీలో అదే అడ్రస్ రిజర్వ్ చేశాక దారికొచ్చింది. ఆవిడకి ఆ పూట పోయినందుకు ఇప్పటికీ బాధే. 5353 మీద నడిచే ఎమ్‌డీఎన్‌ఎస్ (దగ్గర్లోని పరికరాలను పేరుతో వెతికే ఇంకో పద్ధతి) జోలికి వెళ్ళొద్దు, మీటింగ్ రూమ్ టీవీకి అది కావాలి.

కృష్ణాతీరం:
స్క్రిప్ట్ మార్చాక ఈరోజు మళ్ళీ కాప్చర్ పెట్టాను. ఆడిట్‌సర్వ్ పేరు ఒక్క సిస్టమ్ నుంచే వస్తోంది, రిసెప్షన్‌ది. దాంట్లో పాత ప్రింటర్ పోర్టు దొరికింది. పచ్చ గీత చాలావరకు పోయింది. శనివారం ఐదు సిస్టమ్స్‌లో ఎల్‌ఎల్‌ఎమ్‌ఎన్‌ఆర్ ఆపి చూస్తాను. మా దగ్గర బయోమెట్రిక్ హాజరు మెషీన్ ఉంది, దాని సాఫ్ట్‌వేర్ పేరుతో వెతుకుతుందా, ఐపీతోనా? నెట్‌బయోస్ ఆపిన వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.