గిటారు పైపలకకు ఉబ్బు పెట్టాలా, చదునుగా వదిలేయాలా?

కొత్తచేయి:
హైదరాబాద్‌లో ఉంటాను. నిరుడు ఆగస్టులో, ముసురు పట్టిన రోజుల్లో, నా మొదటి గిటారు కట్టాను. డ్రెడ్‌నాట్ అనే పెద్ద పొట్ట ఆకారం, స్ప్రూస్ చెక్క పైపలక, మందం 2.8 మి.మీ. చదునైన బల్ల మీదే పెట్టి, లోపలి వైపు ఊతంగా ఉండే బద్దలు అతికించాను. దసరాకు తీగలు బిగిస్తే బాగానే మోగింది. ఏప్రిల్ వచ్చేసరికి సౌండ్‌హోల్‌కూ (పలకలోని గుండ్రటి రంధ్రం) బ్రిడ్జికీ (తీగల అడుగు చివరలు బిగించే చెక్క) మధ్య పలక లోపలికి దిగిపోయింది. స్టీలు స్కేలు అడ్డంగా పెడితే నడుమ మిల్లీమీటరు సందు కనిపించింది. తీగలు మెడ మీది లోహపు ఫ్రెట్లకు తగిలి జీరగా మోగాయి. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: ‘ఉబ్బు పెట్టలేదుగా, అలాగే అవుతుంది. 28 అడుగుల డిష్ తెచ్చుకో.’ డిష్ అంటే 28 అడుగుల వ్యాసార్థమున్న బంతి వంపు తొలిచిన గుండ్రటి ఎండీఎఫ్ (పొట్టు అదిమి చేసిన) చెక్క, పలకను అందులో పెట్టి ఉబ్బు తెస్తారు. దానికి అంత డబ్బు పోసేముందు అడుగుతున్నాను: తప్పు నిజంగా చదును పలకదేనా?

చిత్రిక:
దానిదే. ఇందులో సందేహానికి చోటెక్కడుంది? 12 నంబరు స్టీలు తీగల సెట్టు శ్రుతి చేస్తే మొత్తం లాగుడు 70 కిలోలు దాటుతుంది. ఆ బరువు బ్రిడ్జిని ముందుకు తిప్పాలని చూస్తుంది. బ్రిడ్జి వెనక పలక లేస్తుంది, ముందు దిగుతుంది. చదును పలక దాన్ని ఆపాలంటే కింద బద్దలు దూలాల్లా పెట్టాలి, అప్పుడు నాదం చస్తుంది. ఉబ్బు పెడితే పలుచని పలకే కోడిగుడ్డు పెంకులా నిలబడుతుంది. స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ పందొమ్మిదో శతాబ్దంలోనే పైపలకలను ఉబ్బుగా కట్టాడు. 1862లో పక్కలూ వెనకభాగమూ కాగితపు గుజ్జుతో చేసి, పైపలక ఒక్కటీ మంచి చెక్కతో పెట్టిన గిటారు చేసి చూపించాడాయన. పైపలక విలువ అంతగా తెలిసినవాడు దాన్ని ఉత్తినే ఉబ్బించలేదు. ఇంకో సంగతి: ఎండాకాలం చెక్క ముడుచుకున్నప్పుడు ఉబ్బులో దాగిన అదనపు వెడల్పు అక్కరకు వస్తుంది. చదును పలకకు ఆ వెసులుబాటు ఉండదు, అందుకే పగులుతుంది.

వేణువు:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. ఈ ఉబ్బును చెక్కుతారా, వంచుతారా?

సాగరతీరం:
రెండూ ఉన్నాయి. ఆర్చ్‌టాప్ గిటార్లకు వయొలిన్‌లాగా మందపాటి చెక్కను పైనా లోపలా తొలిచి వంపు తెస్తారు. అమెరికాలో ఓర్విల్ గిబ్సన్ ఆ పద్ధతిలోనే మాండలిన్లు కట్టి 1898లో పేటెంట్ తీసుకున్నాడు. ఇక్కడ మాట్లాడుతున్నది రెండోది. వంపు తీసిన బద్దల మీదికి సన్నటి పలకను వంచి, సరేసుతో అక్కడే ఆపేస్తారు. ఉబ్బు కోసం పలక నుంచి ఒక్క పొట్టు కూడా తీయరు.

మీటరు:
చిత్రిక గారూ, బ్రిడ్జి గురించి మీరన్నది ఒప్పుకుంటాను. ‘దాగిన వెడల్పు’ మాత్రం లెక్కకు నిలవదు.

28 అడుగులంటే 8,534 మి.మీ. అంత వ్యాసార్థమున్న బంతి మీద 400 మి.మీ. వెడల్పు ముక్క తీసుకుంటే నడుమ ఎత్తు 2.3 మి.మీ. పలక మందం కూడా లేదు. దీన్ని గుడ్డు పెంకుతో పోల్చడం గుడ్డుకు అవమానం. ఇప్పుడు ఆ వంపు వెంట టేపు పెట్టి కొలిచామనుకోండి, చదునుగా కొలిచినదానికన్నా ఎంత ఎక్కువ వస్తుంది? 0.04 మి.మీ. తలవెంట్రుక మందమైనా ఉండదు. మరి చెక్క ఎంత ముడుచుకుంటుంది? గాలిలో తేమ 45 శాతం నుంచి 25 శాతానికి పడి అక్కడే నిలిస్తే, 400 మి.మీ. స్ప్రూస్ పలక నారకు అడ్డంగా సుమారు 2 మి.మీ. తగ్గాలని చూస్తుంది. రెండు మిల్లీమీటర్ల అప్పుకు మీ ఉబ్బు ఇచ్చేది దానిలో యాభయ్యో వంతు.

కొత్తచేయి గారూ, మీ పోస్టులో అసలు విషయం మొదటి వాక్యాల్లోనే ఉంది. ఆగస్టు, ముసురు. నీళ్లు తాగి వెడల్పైన పలకకు బద్దలు అతికించారు. ఏప్రిల్‌లో అది ఎండింది. డిష్ కాదు, తేమ మీటరు కొనండి.

చిత్రిక:
ముప్పై ఏళ్లుగా గిటార్లు కడుతున్నాను. ఉబ్బు పెట్టినవి ఒక్కటీ పగలలేదు. వెంట్రుక మందాలు కాగితం మీద బాగుంటాయి. చేతిలో చిత్రిక పట్టుకున్నవాడికి తెలిసేది వేరు.

మీటరు:
ఆ ముప్పై ఏళ్లూ మీరు పలకలను ఏ నెలలో అతికించారో చెప్పండి.

చిత్రిక:
సంక్రాంతి తర్వాత. వానల్లో సరేసు పని పెట్టుకోను. మా గురువు గారి పద్ధతి అది.

మీటరు:
అడిగింది అందుకే.

మంచుదేశం:
ఇద్దరూ ఆగండి. నేను అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటాను. బయట మంచు, లోపల హీటరు. గాలికి తేమ పెట్టే యంత్రం లేకపోతే జనవరిలో ఇంట్లో తేమ 20 శాతం కన్నా కిందికి పోతుంది. నా గిటారుకు 28 అడుగుల ఉబ్బు ఉంది. జులైలో బ్రిడ్జి వెనక స్కేలు అడ్డంగా పెడితే నడుమ ఆనుకుని రెండు చివరలా గాలి ఆడుతుంది. మొదటి చలికాలం అదే స్కేలు ఈ చివర నుంచి ఆ చివరకు అతుక్కుపోయినట్టు కూర్చుంది. పలక చదునైపోయింది. నేను పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో బ్రిడ్జి కింద నుంచి అంచు దాకా పగులు కనిపించింది. కాబట్టి ఉబ్బు ఉంటే పగలదన్న మాట నా ఇంట్లో అబద్ధమైంది.

అయితే మీటరు గారి లెక్కలోనూ ఒక మెలిక తప్పిపోయింది. పలక అడ్డంగా ముడుచుకుంటుంది. దాని కింద అతికిన బద్ద పొడవు మాత్రం తగ్గదు, నార వెంట చెక్క ముడుచుకోవడం నామమాత్రం. పుస్తకం అట్టకు ఒకవైపే తడి కాగితం అంటించి ఆరనిచ్చి చూడండి, అట్ట కాగితం వైపుకు వంగిపోతుంది. గిటారులోనూ అంతే, పైన ఉన్నది ముడుచుకుంటే మొత్తం లోపలికి వంగుతుంది. చదునుగా మొదలైన పలక పల్లమవుతుంది, ఉబ్బుతో మొదలైనది చదునవుతుంది. వెడల్పులో వెసులుబాటు రాదు, నిజమే. ఎత్తులో వస్తుంది. ఆ రెండు మిల్లీమీటర్లు పోయినా తీగలు ఫ్రెట్లకు తగలకుండా కట్టుకోవచ్చు. పైగా అది హెచ్చరిక కూడా. స్కేలు చదునుగా కూర్చున్న రోజే నేను గదికి తేమ పెట్టి ఉంటే పగులు వచ్చేది కాదు.

మీటరు:
అట్ట పోలిక సరిపోయింది. నేను వెడల్పు ఒక్కటే చూశాను, బద్దకూ పలకకూ మధ్య పోటీని లెక్కలోకి తీసుకోలేదు. పగులుకు మూలం తేమే అన్న మాట మీద మాత్రం ఉన్నాను.

సాగరతీరం:
నాది విశాఖపట్నం. ఇక్కడ సంక్రాంతికి కూడా గాలి ఆరదు, చిత్రిక గారి గురువు గారి పద్ధతి మాకు కుదరదు. పలకనూ బద్దలనూ చిన్న గదిలో పెట్టి, తేమ లాగే యంత్రం నడిపి, గాలిలో తేమ 45 శాతానికి దిగి నాలుగైదు రోజులు నిలిచాకే సరేసు ముడతాను. దానితో పాటు ఉబ్బూ పెడతాను. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎవరన్నారు?

డిష్ కన్నా కష్టం బద్ద అడుగును దానికి సరిపోల్చడం. డిష్ లోపల 80 నంబరు గరుకు కాగితం అంటిస్తాను. బద్ద అడుగున సుద్దముక్కతో ఈ చివర నుంచి ఆ చివరకు పూసి, డిష్‌లో నిలబెట్టి ముందుకూ వెనక్కూ తోస్తాను. మొదట రెండు చివరలే అరిగి చెక్క బయటపడుతుంది, నడుమ తెల్లగానే మిగులుతుంది. తోసేకొద్దీ ఆ తెలుపు సన్నబడుతుంది. ఆఖరి మరక పోయాక ఆపాలి. ఇక్కడే చేయి పక్కకు ఒరిగితే బద్ద అడుగు గుండ్రమై, అతికినట్టే కనిపించి ఏడాదికి ఊడుతుంది. తర్వాత పలకను డిష్‌లో పెట్టి, బద్దకు సరేసు రాసి, డిష్‌కు పైన కట్టిన చట్రానికీ బద్దకూ మధ్య వంగే పుల్లలు బిగిస్తాను, అవి బద్దను పలక మీదికి నొక్కి పడతాయి. వెదురు పుల్లలు చాలు.

ఒక జాగ్రత్త: సౌండ్‌హోల్ పైభాగంలో ఫింగర్‌బోర్డు కూర్చోవాలి. ఉబ్బును అక్కడి దాకా పోనిస్తే మెడ కోణం దెబ్బతింటుంది. నేను ఆ అడ్డబద్దను మాత్రం చదునుగానే ఉంచుతాను.

చిత్రిక:
అది ముందు నేను చెప్పాల్సిన మాట. 28 అడుగుల డిష్ మీదే ఎందుకు పడతారో కూడా నాకు తెలియదు. 25 పెట్టినా తేడా మూడో వంతు మిల్లీమీటరు.

కొత్తచేయి:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సంగతి రాయాలి. వానలు మొదలై మూడు వారాలైంది. నిన్న రాత్రి అదే గిటారు మీద అదే స్కేలు పెట్టాను. ఏప్రిల్‌లో మిల్లీమీటరు ఉన్న సందులో ఇప్పుడు విజిటింగ్ కార్డు మాత్రమే దూరింది, అదీ బిగుతుగా. జీర చాలావరకు పోయింది. పలకకు నేనేమీ చేయలేదు. కాబట్టి ముందు తేమ మీటరు కొంటున్నాను. రెండో గిటారు పలక జనవరిలో అతికిస్తాను, ఉబ్బుతోనే.

చిత్రిక:
డిష్ కొనకండి. నా దగ్గర పాతది ఒకటి అటక మీద ఉంది, సికింద్రాబాద్ వచ్చి తీసుకెళ్లండి. గరుకు కాగితం మీరే మార్చుకోవాలి. మీటరు గారు కూడా వస్తానంటే ఒక బద్ద ఇచ్చి సుద్ద పూయిస్తాను.

మీటరు:
వస్తాను. టేపు తెచ్చుకోవచ్చా?