కుండీలోని నిమ్మమొక్కకు చిగుళ్లు పసుపుగా వస్తున్నాయి: లోపించిన పోషకం ఏది?

ఒంగోలు మేడతోట:

అందరికీ నమస్కారం. ఒంగోలులో మా మేడ మీద సిమెంటు కుండీలలో రెండు నిమ్మమొక్కలను పెంచుతున్నాము. మొదటి ఏడాది ఏపుగా పెరిగి పూత కూడా పూశాయి కాని, ఈ వేసవి మొదలైనప్పటి నుంచి కొత్తగా వచ్చే చిగుళ్లు పసుపుపచ్చగా, కొన్నయితే దాదాపు తెల్లగా వస్తున్నాయి. ఆకును వెలుతురుకు ఎత్తి చూస్తే సన్నని ఈనెలు మాత్రం ఆకుపచ్చని వలలాగా కనిపిస్తున్నాయి, వాటి నడుమ భాగమంతా పాలిపోయి ఉంది. కింది ముదురు ఆకులలో ఏ మార్పూ లేదు. రెండో మొక్కలో దీనికి తోడు కొమ్మల చివర ఆకులు బాగా చిన్నవిగా, సన్నగా, నిక్కబొడుచుకొని గుత్తులుగా వస్తున్నాయి.

కుండీలలో ఊరి బయటి నల్లమట్టి, కొంత ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపాము. పోసేది బోరు నీరు. ఎండలు ముదిరాక వంటింట్లోని ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీటిని కూడా వృథా పోనీయకుండా పోస్తున్నాము. మొక్కలు అమ్మినవారు నత్రజని చాలలేదని చెప్పి యూరియా ఇమ్మన్నారు, తెలిసినవారు మరొకరు ఎప్సం ఉప్పు (మెగ్నీషియం సల్ఫేట్) వేయమన్నారు. రెండూ ఇచ్చి చూశాము, చిగుళ్ల రంగు మాత్రం మారలేదు. ఇది ఏ లోపమో, ఎలా నిర్ధారించుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

పొదలకూరు నిమ్మరైతు:

నమస్కారమండీ. ఆకు పసుపు రంగుకు మారిందన్న ఒక్క మాట మీద ఎరువును నిర్ణయించకూడదు. ఏ ఆకు ముందుగా మారింది, ముదురు ఆకా లేత ఆకా అన్నది మొదట చూడాలి. నత్రజని, పొటాష్, మెగ్నీషియం మొక్కలో ఒకచోటి నుంచి మరొకచోటికి కదలగలిగే పోషకాలు కనుక, అవి చాలనప్పుడు మొక్క తన ముదురు ఆకులలో ఉన్నదాన్ని లాగి చిగుళ్లకు అందిస్తుంది, అందువల్ల కింది ఆకులే ముందు పండుబారతాయి. నత్రజని లోపమైతే ముదురు ఆకు ఈనెలతో సహా మొత్తం ఒకే తీరుగా పాలిపోతుంది. మెగ్నీషియం లోపమైతే అంచుల నుంచి పసుపు లోపలికి పాకుతూ, తొడిమ వైపు మాత్రం బాణపు మొనలాంటి పచ్చని ముక్క మిగులుతుంది. మీ కింది ఆకులు బాగున్నాయంటున్నారు కాబట్టి యూరియా గాని, ఎప్సం ఉప్పు గాని పని చేయకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇనుము అలా కదలదు. పాత ఆకులలో ఎంత ఉన్నా అది చిగురుకు చేరదు. ఈనెలన్నీ పచ్చగా ఉండి మధ్య భాగం తెల్లబారడం ఇనుప లోపానికి గుర్తు. మీ రెండో మొక్కలోని చిన్న ఆకులు, గుత్తులు మాత్రం జింకు లోపాన్ని చూపిస్తున్నాయి, ఇది మా ప్రాంతపు నిమ్మతోటలలో తరచుగా చూసేదే. జింకు లోపంలో నడి ఈనె, పక్క ఈనెల వెంట వెడల్పాటి పచ్చని పట్టీ మిగిలి, వాటి మధ్య పసుపు మచ్చలు ఉంటాయి. ఇనుప లోపంలో వెంట్రుక సన్నపు ఈనెలు కూడా విడివిడిగా కనిపిస్తాయి. రెండు మొక్కల ఆకులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా మీకే తెలుస్తుంది.

జింకు కోసం లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేట్, దానిలో సగం తడిపిన సున్నం కలిపి, వడగట్టి, కొత్త చిగురు సగానికి పైగా విచ్చుకున్నప్పుడు చల్లపూట పిచికారీ చేయండి. సున్నం కలపకపోతే లేత ఆకు మాడే ప్రమాదం ఉంది. ముందు ఒక కొమ్మ మీద చల్లి రెండు మూడు రోజులు చూసి, ఆ తరువాత మొక్కంతటికీ చల్లండి.

కావలి ఉద్యానం:

పొదలకూరు వారు చెప్పిన గుర్తులతో ఏకీభవిస్తున్నాను. అయితే నా దృష్టిలో అసలు ప్రశ్న వేరే ఉంది: మట్టిలో ఇనుము లేకనే ఈ లోపం వచ్చిందా, ఉన్నా వేరుకు అందడం లేదా? ఒంగోలు చుట్టుపక్కల నల్లమట్టిలో ఇనుము ఉంటుంది, కాని ఆ మట్టిలో సున్నం శాతం కూడా ఎక్కువే. పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) ఏడు దాటిన కొద్దీ ఇనుము, జింకు, మాంగనీసు వేరు పీల్చుకోలేని రూపంలోకి మారిపోతాయి. మన బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువ కాబట్టి, పోసిన ప్రతిసారీ మట్టి మరికొంత క్షారంగా మారుతుంది. కొత్త సిమెంటు కుండీ గోడల నుంచి ఊరే సున్నం దీనికి తోడవుతుంది. అన్నింటికంటే ముందు ఆర్‌ఓ యంత్రం వదిలే నీటిని మానేయండి. మంచినీటిలో నుంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే చేరుతాయి, అది బోరు నీటికంటే చెరుపు చేస్తుంది.

నిర్ధారణకు రెండు పరీక్షలు ఇంట్లోనే చేసుకోవచ్చు. కుండీలోని మట్టిని పిడికెడు తీసి, పొడిగా ఎండబెట్టి, దాని మీద వంటింటి వెనిగర్ కొన్ని చుక్కలు వేయండి. బుసబుసమని నురగ వస్తే సున్నం దండిగా ఉన్నట్టు. రెండోది ఆకు మీద చేసే పరీక్ష. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఇనుమునిచ్చే ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), ఒక చుక్క షాంపూ కలిపి, దూదితో ఒక పసుపు ఆకులో నడి ఈనెకు ఒక పక్కన మాత్రమే రాయండి. మరో ఆకుకు ఇదే తీరున జింకు సల్ఫేట్ ద్రావణం రాయండి. వారం పది రోజులలో ఏ ద్రావణం రాసిన సగం పచ్చబడితే లోపం దానిదే. అన్నభేది కొనేటప్పుడు లేత ఆకుపచ్చని పలుకులుగా ఉన్నదాన్నే తీసుకోండి. గాలి తగిలి తుప్పు రంగుకు తిరిగిన పొడి ఈ పనికి రాదు. నేల మీద ఒలికితే మరక పోదు కనుక, మేడ మీద గోనెపట్టా పరచుకొని చేయడం మంచిది.

ఇనుప లోపమని తేలినా అన్నభేదిని కుండీలో మట్టికి వేసి ప్రయోజనం లేదు, సున్నపు మట్టిలో అది త్వరలోనే పనికిరాని రూపంలోకి మారుతుంది. దుకాణాలలో చిలేటెడ్ ఇనుము (మట్టిలో చెడిపోకుండా మరో రసాయనంతో బంధించినది) అని దొరికేది ఎక్కువగా ఈడీటీఏ రకం. అది పీహెచ్ సుమారు ఆరున్నర వరకే నిలుస్తుంది, కాబట్టి మీ మట్టిలో ఖర్చు దండగ. ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న ముదురు ఎరుపు పొడి అయితే క్షార మట్టిలోనూ పని చేస్తుంది, ధర మాత్రం ఎక్కువ. పెద్ద కుండీకి రెండు గ్రాములు నీటిలో కరిగించి, సాయంత్రం వేళ మొక్క మొదట్లో పోస్తే సరిపోతుంది.

ఒంగోలు మేడతోట:

ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే చేసి చూశాను. వెనిగర్ పడగానే మట్టి నురగలు కక్కింది. మొదటి మొక్కలో అన్నభేది రాసిన సగం స్పష్టంగా పచ్చబడింది, రాయని సగం అలాగే పసుపుగా ఉంది. నడి ఈనె దగ్గర గీత గీసినట్టు తేడా తెలుస్తోంది. రెండో మొక్కలో జింకు రాసిన ఆకు కోలుకుంది, అన్నభేది రాసిన ఆకు కొద్దిగా మాత్రమే మారింది. ఇక మట్టి మార్చడమే మంచిదా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఇది గ్రీనింగ్ తెగులేమోనని ఇంట్లో పెద్దవారు భయపడుతున్నారు.

వెంకటగిరి రైతుబిడ్డ:

గ్రీనింగ్ గురించి నేను చెబుతాను. అది సిల్లా అనే చిన్న పురుగు ద్వారా వ్యాపించే బాక్టీరియా తెగులు, ఎరువులతో నయం కాదు. ఆకును నడి ఈనె వెంట మధ్యకు మడిచి చూడండి. పోషక లోపమైతే రెండు సగాలలో పసుపు దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒక పక్క మచ్చకు రెండో పక్క మచ్చతో పొంతన ఉండదు. పైగా మీ ఆకులు మందు రాసినచోట పచ్చబడ్డాయి కనుక ఇంట్లోవారికి ధైర్యం చెప్పండి. అయినా అనుమానం తీరకపోతే, ఆకులున్న చిన్న కొమ్మను కవరులో పెట్టుకొని దర్శి కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, మా వైపు పెట్లూరులోని నిమ్మ పరిశోధన స్థానానికి గాని తీసుకువెళ్లి చూపించండి.

కావలి ఉద్యానం:

మట్టి మార్చడమే మేలు. గంధకం వేసి పీహెచ్ తగ్గించవచ్చని కొందరు చెబుతారు కాని, వెనిగర్‌కు అంతగా నురగ వచ్చిన మట్టిలో ఉన్న సున్నమంతా కరిగేదాకా పీహెచ్ దిగదు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, సిమెంటు కుండీకి బదులు అడుగున రంధ్రాలున్న ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చండి. నడి ఎండలలో వేరు కదిలిస్తే మొక్క తట్టుకోలేదు, కాబట్టి తొలకరి పడి వాతావరణం చల్లబడేదాకా ఆగి, అంతవరకు ఆకుల మీద పిచికారీతో నెట్టుకురండి. అన్నభేదిని, సున్నం కలిపిన జింకును ఒకే డబ్బాలో పోయవద్దు, వారం ఎడంతో విడివిడిగా చల్లండి.

నీటి విషయానికి వస్తే, ఏసీ నుంచి కారే నీటిలో లవణాలు దాదాపు ఉండవు, దానిని బకెట్టులో పట్టి బోరు నీటితో సగం సగం కలపండి. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడతాయి, అప్పుడు మేడ మీది నీటిని డ్రమ్ములకు పట్టుకుంటే కొన్ని నెలలు ఈ రెండు మొక్కలకు సరిపోతుంది. ఇప్పటికే బాగా తెల్లబడిన చిగుళ్లు పూర్తిగా కోలుకోకపోవచ్చు, వాటిని తుంచవద్దు. మందు పని చేసిందో లేదో ఆ తరువాత వచ్చే చిగురును చూసి చెప్పాలి.