సంతకం లేని ఈ గాజు వాజు లోట్జ్‌దేనా? చూసి చెప్పండి

మూసీగట్టు (నల్గొండ)
దేవరకొండ వైపు ఒక పాత గడీ సామాను అమ్ముతుంటే మా మామ ఈ వాజు కొన్నాడు. ఎత్తు దాదాపు 10 అంగుళాలు. లేత ఆకుపచ్చ గాజు, వెలుగులో తిప్పితే ఊదా, నీలం, బంగారు రంగులు మెరుస్తయి. ఒంటి నిండా సన్నటి గాజు దారాలు అడ్డదిడ్డంగా చుట్టుకొని ఉన్నయి. అడుగున పేరు, ముద్ర, స్టిక్కర్ ఏదీ లేదు. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన "ఇది లోట్జ్ అనే పాత గాజు ఫ్యాక్టరీది, ఆస్ట్రియా సరుకు, లక్షల్లో పోతది" అన్నాడు. ఇంకొకాయన ఫిరోజాబాద్ కాపీ అని తీసిపారేసిండు. మామకు టెన్షన్ పట్టుకుంది. ఎవరి మాట నమ్మాలె?

పాలమూరోడు
నిస్సందేహంగా లోట్జ్. సంతకం లేదని బాధపడకండి, లోట్జ్ సరుకులో ఎక్కువ భాగానికి సంతకం ఉండదు. ఈ మెరుపు గాజుకు పేరు తెచ్చిందే ఆ ఫ్యాక్టరీ, 'ఫినామెన్' అనే వాళ్ల మెరుపు గాజు రకం పేటెంట్ 1898ది. ఇక మన దగ్గరికి ఎట్లా వచ్చిందంటారా, వనపర్తి, గద్వాల, కొల్లాపూర్ సంస్థానాల వాళ్లు యూరప్ సామాను వాడినవాళ్లే. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూసినా తెలుస్తది, బొహీమియా గాజు ఎంత ఉందో.

రాచకొండ
గడీలో దొరికింది కాబట్టి రాజుల కాలందే అంటే ఎట్లా అన్నా? గడీలో 1980ల ప్లాస్టిక్ బకెట్లు కూడా దొరుకుతయి. ఫిరోజాబాద్‌లో ఇట్లాంటివి ఎన్నైనా చేస్తరు.

గాజుపురుగు
ఇద్దరూ తొందరపడుతున్నారు. పాలమూరు అన్న చెప్పిన విషయాలు నిజమే, కానీ అవన్నీ కలిపినా ఈ వాజు లోట్జ్‌ది అని తేలదు.

లోట్జ్ ఫ్యాక్టరీ బొహీమియాలోని క్లోస్టర్‌మ్యూలెలో ఉండేది. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉంది, ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. 1900 ప్రాంతంలో ఈ మెరుపు గాజు చేసింది వాళ్లొక్కరే కాదు. ఎలియోనోరెన్‌హైన్‌లో క్రాలిక్, టెప్లిట్జ్ దగ్గర కోస్టెన్‌లో పాల్మె-కోనిగ్, ఇంకా రిండ్‌స్కోఫ్ ఉన్నారు. వేడి గాజుకు తగరం లవణాల ఆవిరి పట్టిస్తే ఈ మెరుపు వస్తుంది. అది ఒక్కరి సొత్తు కాదు, ఇవాళ కూడా అట్లాగే చేస్తారు. కాబట్టి మెరుపు చూసి పేరు చెప్పేవాళ్లను నమ్మకండి. ఒకప్పుడు బొహీమియా మెరుపు గాజు ఏది కనబడినా లోట్జ్ అనేసేవాళ్లు. తర్వాత పరిశోధకులు వాటిలో చాలా వాటిని క్రాలిక్‌కు, పాల్మె-కోనిగ్‌కు మార్చారు.

మీ ఫోటోలో నా కన్ను పడింది దారాల మీద. ఇట్లా ఒక వరుస లేకుండా చుట్టిన దారాలు చూస్తే జనం మొదట అనేది పాల్మె-కోనిగ్ పేరే. దారాల పని లోట్జ్ కూడా చేసింది, అందుకే ఖాయంగా చెప్పను.

ఫిరోజాబాద్ అనుమానం తీరాలంటే అడుగు చూడాలి. నడుమ గుండ్రంగా అరగదీసి నునుపు చేసిన గుంట ఉందా? అది ఊదిన గాజును కడ్డీ నుంచి విడదీసిన చోటు. నేలకు ఆనే అంచు మీద గీతలు ఎట్లున్నయి? ఏళ్ల తరబడి వాడితే గీతలు రకరకాల లోతుల్లో, అన్ని దిక్కులకూ ఉంటాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెస్తే ఒకే దిక్కుకు, ఒకే తీరుగా కనబడతాయి. ఒంటి మీద నిలువుగా అచ్చు గీత ఉందేమో కూడా చూడండి. ఉన్నా కొత్తదని కాదు, అచ్చులోకి ఊదడం అప్పుడూ ఉంది.

పాలమూరోడు
మరి దేశం పేరు ఎందుకు లేదు? పాత సరుకు మీద 'ఆస్ట్రియా' అని ఉంటది కదా.

గాజుపురుగు
అది అమెరికా గొడవ. 1890 నాటి మెకిన్లీ టారిఫ్ చట్టంతో అక్కడికి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు తప్పనిసరి అయింది. మన వైపు వచ్చిన వాజుకు ఆ షరతు ఎక్కడిది? ఆ మాటకొస్తే, 'లోట్జ్ ఆస్ట్రియా' అని చెక్కి ఉంటే నాకు అనుమానం ఇంకా పెరిగేది. తర్వాత చెక్కిన దొంగ సంతకాలు చాలా తిరుగుతున్నయి. 'చెకోస్లొవేకియా' అని ఉంటే మాత్రం పని సులువు, ఆ దేశం పుట్టిందే 1918లో.

కృష్ణతీరం
యూవీ టార్చ్ కొట్టి చూడమంటారా? పచ్చగా వెలిగితే పాతదేనా?

గాజుపురుగు
వెలిగితే గాజులో యురేనియం ఉందని తెలుస్తుంది, అంతే. అది ఇంగ్లండ్‌లోనూ, అమెరికాలోనూ, బొహీమియాలోనూ వాడారు. చేసినవాడి పేరు టార్చ్ చెప్పదు.

మూసీగట్టు
అడుగు చూసినం సార్. నడుమ నునుపైన గుంట ఉంది. గీతలు అన్ని దిక్కులకూ ఉన్నయి, కొన్నింట్లో మసి ఇరుక్కుంది. నిలువు అచ్చు గీత లేదు.

రాచకొండ
సరే, కొత్త కాపీ అని ఇప్పుడు గట్టిగా అనలేను. కానీ లక్షలు అన్న మాట మీద నాకు నమ్మకం లేదు. కొనేవాడు పేరుకు డబ్బిస్తడు, పేరు తేలకుంటే ధర కూడా తేలదు.

కృష్ణతీరం
బయటి దేశం వేలంలో పెడదామని ఎవరైనా ఆశ పెడితే జాగ్రత్త తమ్మీ. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును సొంతంగా ఎగుమతి చేయడానికి వీల్లేదు.

గాజుపురుగు
ఇప్పటికి కాగితం మీద "బొహీమియా, సుమారు 1900-1910, పాల్మె-కోనిగ్ కావచ్చు" అని రాసి పెట్టుకోండి. ఆ "కావచ్చు" తీసేయకండి. లోట్జ్ ఫ్యాక్టరీ కాగితపు నమూనాలు నంబర్లతో సహా కొన్ని మిగిలాయి. వాటిలో ఈ ఆకారం కనబడి, గాజు తీరు కూడా కలిస్తే అప్పుడు లోట్జ్ అనొచ్చు.

పాలమూరోడు
నమూనాలు అన్నీ మిగల్లేదని మీరే అంటున్నరు. దొరకలేదని లోట్జ్ కాదనడం కూడా సరికాదు కదా సార్! అంచు దగ్గరి ఫోటో ఒకటి పెట్టండి, నేను ఇంకా లోట్జ్ అనే అంటున్న.