మొత్తం ఎంతమందో తెలియకుండా పాస్ శాతం చెప్పొచ్చా?

గుణుపురం కుర్రాడు:
బ్యాంకు పరీక్షకి చదువుతున్నాను. మాక్ టెస్టులో వచ్చిన డేటా సఫిషియెన్సీ ప్రశ్న ఇది, అంటే జవాబు కట్టడానికి ఏ స్టేట్‌మెంట్ చాలుతుందో చెప్పాలి. ఒక స్కూల్లో అబ్బాయిల్లో 60 శాతం, అమ్మాయిల్లో 80 శాతం పాసయ్యారు. స్కూలు మొత్తం పాస్ శాతం ఎంత?
స్టేట్‌మెంట్ 1: అబ్బాయిలు, అమ్మాయిల నిష్పత్తి 3:2.
స్టేట్‌మెంట్ 2: పాసైనవాళ్లలో అబ్బాయిలు, అమ్మాయిల నిష్పత్తి 9:8.
నేను 'మొదటిది ఒక్కటే చాలు' అని పెట్టాను. కీలో 'రెండింటిలో ఏ ఒక్కటైనా చాలు' అని ఉంది. పావు మార్కు కోసేశారు. రెండోది ఎలా చాలుతుంది? అది పాసైనవాళ్ల సంగతే కదా.

లెక్కల మాస్టారు, రాయగడ:
కీ కరెక్టే బాబూ. పాసైన అబ్బాయిలు 9 అనుకో. అది అబ్బాయిల్లో 60 శాతం కాబట్టి అబ్బాయిలు 15. పాసైన అమ్మాయిలు 8, అది 80 శాతం కాబట్టి అమ్మాయిలు 10. 15:10 అంటే 3:2. మొదటి స్టేట్‌మెంట్ చెప్పిందే ఇదీ చెప్పింది. 25 మందిలో 17 మంది, 68 శాతం. ఫెయిలైనవాళ్ల నిష్పత్తి 3:1 అని ఇచ్చినా ఇక్కడికే వస్తావు. రెండు గుంపుల శాతాలూ చేతిలో ఉన్నప్పుడు ఏ ముక్క నిష్పత్తి ఇచ్చినా గుంపుల నిష్పత్తి దొరుకుతుంది. దొరుకుతుందని తెలిశాక హాల్లో 68 దాకా వెయ్యకు, తర్వాతి ప్రశ్నకి వెళ్లిపో.

వంశధార గట్టు:
నేను ఒప్పుకోను. స్కూల్లో ఎంతమంది ఉన్నారో రెండు స్టేట్‌మెంట్లలోనూ లేదు. రెండూ చాలవు.

జయపురం అమ్మాయి:
25 మందైనా 2500 మందైనా 68 శాతమే కదండీ.

వంశధార గట్టు:
మీకు 'కదండీ' అనేంత తేలిగ్గా ఉంది. 3:2 అని రాసినవాడు తలలు లెక్కపెట్టకుండా ఎలా రాశాడు? లెక్కపెట్టాడు. ఆ లెక్క తన దగ్గర దాచుకుని మనకి నిష్పత్తి ఒక్కటే ఇచ్చాడు. శాతం ఎవరు చెప్పినా ముందు ఎంతమందిలో అని అడగాలి. పిల్లలకి ఆ ప్రశ్న నేర్పకుండా 'తర్వాతి ప్రశ్నకి వెళ్లిపో' అని నేర్పుతున్నారు.

లెక్కల మాస్టారు, రాయగడ:
అడిగింది శాతం, దానికి నిష్పత్తి సరిపోతుంది. మన జిల్లా లెక్కే చూడండి. 2011 జనగణనలో రాయగడ జిల్లా అక్షరాస్యత మగవాళ్లలో 61.04, ఆడవాళ్లలో 39.19, మొత్తం 49.76 శాతం. రెండూ కలిపి సగం చేస్తే 50.1 వస్తుంది. అసలు సంఖ్య అంతకన్నా కిందికి, ఆడవాళ్ల వైపు జరిగింది. అంటే లెక్కలోకి వచ్చిన ఏడేళ్లు, ఆపైవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. జిల్లా జనాభా ఎంతో తెలియక్కర్లేదు, ఈ మూడు శాతాలే చెప్పేశాయి. ఇదే అలిగేషన్, అంటే రెండు గుంపుల శాతాలూ, మొత్తం శాతమూ చూసి గుంపుల నిష్పత్తి పట్టే పద్ధతి. నిజంగానే ఆ జనగణనలో మన జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకి 1051 మంది ఆడవాళ్లు.

జయపురం అమ్మాయి:
మాస్టారూ, ఒక డౌటు. స్టేట్‌మెంట్‌లో నిష్పత్తి లేకుండా 'స్కూల్లో మొత్తం 10 మంది' అని ఇస్తే? శాతాలు కచ్చితమైనవైతే అబ్బాయిలు 5 గుణిజం కావాలి, అమ్మాయిలూ 5 గుణిజం కావాలి. ఇద్దరూ ఉండాలి కాబట్టి అయిదుగురు, అయిదుగురు. ముగ్గురు, నలుగురు పాస్, 70 శాతం. మొత్తమే చాలిపోతుంది! అదే 15 మంది అంటే అబ్బాయిలు 5 అయినా కావచ్చు, 10 అయినా కావచ్చు, రెండు జవాబులొస్తాయి.

వంశధార గట్టు:
చూశారా! మొత్తం ఎంతమందో చెబితేనే తేలింది.

లెక్కల మాస్టారు, రాయగడ:
అమ్మాయి చెప్పింది మంచి పాయింటు. కానీ అది 10కి పని చేసింది, 15కి చెయ్యలేదు. ఈ రెండో ముక్క మీరు చదవలేదు. ఇక్కడ అడిగిన కుర్రాడికి పరీక్ష ఉంది. మీ మొండి పట్టుదలకి అతను ఇంకో పావు మార్కు పోగొట్టుకోవాలా?

గుణుపురం కుర్రాడు:
నాకు అర్థమైంది సార్, గొడవ వద్దు.

వంశధార గట్టు:
గొడవ కావాలి. మొండి అన్నారు కాబట్టి చెబుతాను. మా అమ్మాయి చదివిన స్కూల్లో తెలుగు సెక్షన్‌లో 10 మంది, ఒడియా సెక్షన్‌లో 90 మంది. టెన్త్‌లో తెలుగు 50 శాతం, ఒడియా 90 శాతం. పేరెంట్స్ మీటింగ్‌లో బోర్డు మీద సుద్దతో 50, 90 రాసి, కింద గీత గీసి, 70 అని వేశారు. తెలుగు సెక్షన్ వల్ల స్కూలు రిజల్టు 90 నుంచి 70కి పడిపోయిందన్నారు. ఎవరూ నోరెత్తలేదు. తర్వాతి ఏడాది ఆ సెక్షన్‌లో చేర్చుకోలేదు. ఇక్కడ 5, అక్కడ 81, వందకి 86 పాస్. పడింది నాలుగు, ఇరవై కాదు.

లెక్కల మాస్టారు, రాయగడ:
వాళ్లు చేసింది ఘోరమైన తప్పు, అందులో రెండో మాట లేదు. గుంపుల సైజు చూడకుండా శాతాలకి సగటు కట్టకూడదనే నేను ఇందాకటి నుంచీ చెబుతున్నది. కానీ 1:9 అన్నది ఒక్కటి తెలిసినా 86 వస్తుంది. అక్కడా నిష్పత్తే చాలు.

వంశధార గట్టు:
86 ఎవరికి కావాలి మాస్టారూ? తెలుగు సెక్షన్‌లో ఫెయిలైనవాళ్లు అయిదుగురు. ఒడియా సెక్షన్‌లో తొమ్మిది మంది. ఎక్కువమంది అక్కడే ఫెయిలయ్యారు, మూసింది మాత్రం ఇక్కడ. పదిమందిలో ఇంకొక్క పిల్ల గట్టెక్కితే 50 కాస్తా 60 అవుతుంది. ఆ అయిదుగురినీ సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి చెప్పమని అడగాలంటే నాకు అయిదు కావాలి. 1:9 పట్టుకుని ఏ గది ముందు నిలబడను?

లెక్కల మాస్టారు, రాయగడ:
ఇప్పుడు మీరు అడుగుతున్నది వేరే ప్రశ్న. 'ఎంతమంది ఫెయిలయ్యారు' అని అడిగి ఉంటే, కుర్రాడి ప్రశ్నలో రెండు స్టేట్‌మెంట్లూ కలిపినా చాలవు. అది నేనే ఒప్పుకుంటాను. రెండూ ఒకే నిష్పత్తి చెబుతున్నాయి, కలిపితే కొత్తగా వచ్చేది ఏమీ లేదు.

పర్లాకిమిడి వాసి:
అసలు సంగతి ఎవరూ అనట్లేదు. పదిమంది కోసం తెలుగు టీచర్‌ని ఎవరు వేస్తారండీ? మా పిల్లల్ని మేమే ఒడియా మీడియంలో వేశాం. ఈ ఒడిశాలో ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే ఒడియా చదవడం, రాయడం రావాలి. 86 అయినా 70 అయినా ఆ సెక్షన్ నిలిచేది కాదు.

వంశధార గట్టు:
అయితే ఆ మాటే బోర్డు మీద రాయాల్సింది. టీచరు లేడు, పిల్లలు తక్కువ, అందుకే మూస్తున్నాం అని రాస్తే ఊరంతా కూర్చుని వాదించుకునేవాళ్లం, టీచరు కోసం అర్జీ పెట్టుకునేవాళ్లం. 70 అని రాసి మా పిల్లలు మొద్దులన్నట్టు చేశారు. మా అమ్మాయి ఆ పాసైన అయిదుగురిలో ఒకతె.

పర్లాకిమిడి వాసి:
అర్జీ పెట్టినా పదిమందికి టీచరు రాడు.

వంశధార గట్టు:
అంతకుముందు ఏడు ఎంతమంది చేరారు, ఆ ముందు ఏడు ఎంతమంది? మీకు తెలుసా? తెలియకుండా రాడని ఎలా అంటున్నారు? రిజిస్టరు తీయమనండి, అప్పుడు మాట్లాడదాం.